బావిగట్టున పాఠం

చిత్తూరు సుదర్శనం అయ్యవారు తన కొంపలో నిప్పులు పోశాడని పెంచలయ్య బావిగట్టు మీద నిలబడి ఊరంతా వినేటట్టు అరుస్తున్నాడు.

"నా బావిలో, నా కళ్లముందరే దీపం కొండెక్కించినావే సామీ! నీకేం ద్రోహం సేసినాను నేను? గంగమ్మకు కర్పూరం ఎలిగించి ఇంకా ఆ వాసన కూడా పోలేదే!"

ఆ అరుపుల్లో న్యాయం లేకపోలేదు. రెండేళ్లుగా వాడకం లేక పూడిపోయిన బావి అది. పూడిక తీస్తే తప్ప ఊట పడదు, ఊట పడితే తప్ప ఎకరా ఇరవై సెంట్లకని పోసిన నారు దక్కదు. ఆకులప్పుడే కొసలు ఎర్రబడుతున్నాయి. కూలీలు తట్టలు, పారలు పట్టుకుని సరిగ్గా దిగబోయే వేళకు సుదర్శనం అయ్యవారు ఊడిపడ్డాడు, వెనకాల చుట్టుపక్కల బడుల అయ్యవార్లను పదిమందిని వేసుకుని.

వాళ్లకు సైన్సు పాఠం చెప్పే విధానం నేర్పడం ఆయన పని. బడిలో ఒక్క గాజు సీసా అయినా లేదే, పాఠం దేనితో చెప్పేదని వాళ్లు మొత్తుకుంటే, "ఊళ్లో ఒక పాతబావి ఉంటే చాలు, చూపిస్తాను రండి" అన్నాడు. బావి చూపించిందేమో పెంచలయ్య కన్నకొడుకే. ఆ ఊరి బడిలో అయ్యవారుగా ఉన్న ధనంజయ.

బొక్కెనలో ప్రమిద పెట్టి దించారు. సగం లోతు దాటిందో లేదో, ఎవరో చేత్తో నొక్కినట్టు దీపం ఆరిపోయింది. "దీపమారిన బావిలో దిగితే ఇంట్లో దీపం ఉంటాదా?" అంది కూలికి వచ్చిన చెంగమ్మ. అంతే, అందరూ తట్టలు కింద పెట్టేశారు.

"ఇది శకునం కాదు పెంచలయ్యా," అన్నాడు సుదర్శనం నెమ్మదిగా. "అడుగున చెడ్డగాలి చేరింది. దీపం బతకని చోట మనిషీ బతకడు. పచ్చికొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించు. నీళ్లు కుమ్మరించు. రేపు మళ్లీ దీపం దించు. అడుగుదాకా వెలిగితేనే మనుషుల్ని దించు."

"నీ పాఠం ఇనుకుంటా రేపటిదాకా కూసోనుంటాదా నా నారు?"

ధనంజయ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, అయ్యవారు సెప్పేది నిజం. ఒక్క దినం ఓర్సుకో నాయనా."

"నువ్వు నోర్ముయ్‌రా! కన్నోడి మాట సేదు, నిన్న వచ్చినోడి మాట తీపా నీకు? నువ్వు నా కొడుకువా, ఆ సామి కొడుకువా?"

అయ్యవార్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెంచలయ్యకు ఒంటికి కారం రాసినట్టయింది. విసవిసా ఇంటికి పోయి, యుద్ధం ముగిసి మిలిటరీ నుంచి తిరిగొచ్చిన బావమరిది ఇచ్చిన బ్యాటరీ లైటు తెచ్చాడు. మీట నొక్కి, బొక్కెనలో పెట్టి, తనే బావిలోకి దించాడు. లైటు అడుగుదాకా పోయింది. బురద, కుళ్లిన ఆకులు, పగిలిన కుండ ఒకటి స్పష్టంగా కనిపించాయి. లైటు ఒక్కసారి కూడా మిణుకుమనలేదు.

"సూడు సెంగమ్మా! ఈ దీపం యాడ కొండెక్కింది?"

"అది వేరు పెంచలయ్యా. దానికి గాలితో పని లేదు..."

"దానికి గాలితో పన్లేదు, నాకు నీతో పన్లేదు, పో సామీ!"

కూలీలు నవ్వారు గానీ ఒక్కరూ కదల్లేదు. "అట్లయితే ముందు నువ్వు దిగు మామా. నీ యెనకాలే మేము," అంది చెంగమ్మ.

ఆ మాటతో పెంచలయ్య పంచె ఎగ్గట్టాడు. అడ్డం వచ్చిన కొడుకును ఒక్క తోపు తోశాడు. గోడకు పొడుచుకొచ్చిన రాతిమెట్ల మీద చకచకా దిగసాగాడు. పైనుంచి "వద్దు నాయనా, వద్దు నాయనా" అని వినపడుతూనే ఉంది. సగం దాటాక కాళ్లు తనవి కానట్టయినాయి. అడుగున లైటు రెండుగా కనబడింది. తర్వాత నాలుగుగా.

కళ్లు తెరిచేసరికి గట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. నడుము చుట్టూ ఒరుసుకుపోయి భగ్గున మండుతోంది. చెంగమ్మ ముఖాన నీళ్లు చల్లుతూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏడవమాకమ్మే, నేనేం సావలేదు. దిగినాను, వచ్చినాను. యాడుండాది ఆ చెడ్డగాలి?"

ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది.

పెంచలయ్య మోచేతి మీద లేచి చూశాడు. అయ్యవార్లంతా బావి చుట్టూ మూగి ఉన్నారు. కొందరు వేపకొమ్మలు తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడిస్తున్నారు. కొందరు ఇళ్లలోంచి కడవలు మోసుకొచ్చి కుమ్మరిస్తున్నారు. సుదర్శనం మళ్లీ ప్రమిద వెలిగించి దించాడు. పైకి లాగాడు. ఆరిపోయి ఉంది. మళ్లీ అగ్గిపుల్ల గీస్తున్నాడు.

పెంచలయ్యకు ఒళ్లు మండిపోయింది. తాను చచ్చి బతికితే అది కూడా వీళ్లకు పాఠమే!

"సాలించు సామీ! ఇంకా కాలేదా నీ పాఠం? యాడ మావోడు? పిలువు వాణ్ణి. నేను వాడికి నాయన్నో, నువ్వు నాయనవో, ఈడనే, నా ముందరే సెప్పమను!"

సుదర్శనం తలెత్తలేదు. పుల్ల కొసదాకా కాలి ఆయన వేళ్లను కాల్చింది.

"ఇది పాఠం కాదు పెంచలయ్యా. లోపలికి దిగి నీ నడుముకు మోకు కట్టింది ధనంజయే. నిన్ను లాగినాక మోకు మళ్లీ దించినాం... వాడు అందుకోలేదు."