రెండో బకెట్టు

తెల్లవారుజామున మళ్ళీ కుళాయి కింద బకెట్టు చప్పుడు. బళ్ళారి హాస్టల్లో చేరి నలభై రోజులైనా హిమబిందుకు ఒక్కరోజూ నిద్ర తీరలేదు. నీళ్ళు పొద్దున్నంతా వస్తాయే తల్లీ అని ఎంత చెప్పినా, ఆ గదిలోనే ఉండే శరణమ్మ వినదు.

గది మార్చమని రాసిన అర్జీ దిండు కింద ఉంది. ఇవాళ వార్డెన్‌కి ఇచ్చి తీరాలి.

ఏడింటికి లేస్తే కుళాయిలో చుక్క లేదు. మోటారు కాలిపోయిందట. తొమ్మిదికి మొదటి పరీక్ష. తువ్వాలు భుజాన వేసుకుని హిమబిందు గదికీ బాత్రూముకీ మధ్య నాలుగుసార్లు తిరిగింది.

శరణమ్మ తన మంచం కింద నుంచి నిండు బకెట్టు లాగింది. "తీసుకో హిమా, ఇది నీదే."

"మరి నీకు?"

"నాది అయిపాయ. దినామూ రెండు పడతాండా, ఒగటి నీకని. ఇన్నాళ్ళూ నీకు అక్కర పడల్య, చెట్లకి పోస్తాంటి."

"నేనడగలేదుగా?"

"మా ఊరు హచ్చొళ్ళి కాలువకి కడాన ఉండాది. పైనోళ్ళు ఇడిస్తేనే మాకు నీళ్ళు. దొరికినప్పుడు పక్కోళ్ళకీ పట్టమంటాది మాయమ్మ."

హిమబిందు అర్జీని ఉండచుట్టి కిటికీలోంచి పారేసింది. బకెట్టు అందుకోబోతుంటే, అదే కాలువకి ఎగువనున్న కంప్లి నుంచి నాన్న ఫోన్.

"అమ్మాయ్, ఇంటి దిగులేం పెట్టుకోకు, పరీక్ష బాగా రాయి. మన మళ్ళు నిండాయి. వారం నుంచీ తూము దగ్గరే కాపలా ఉన్నాం, కిందికి చుక్క పోనివ్వలా."

"ఏమంటాడు మీ నాయన?" నవ్వుతూ అడిగింది శరణమ్మ.

నిండు బకెట్టు ఎంతకీ చేతికి లేవలేదు.