బ్యారన్ గుమ్మం

"ఈ బారు పేరు వినడమే బాబూ, ఎప్పుడూ రాలేదు" అంటూనే మాలకొండయ్య గుమ్మం దగ్గర తల వంచి లోపలికి నడిచాడు.

వెనకాల వస్తున్న సురేంద్ర తల వంచలేదు. పై దూలం ఠపీమని నుదుటికి తగిలింది. అక్కడ అప్పటికే చిన్న ప్లాస్టర్ ఒకటి ఉంది. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం కదా, రాయి ఏదో తగిలి ఉంటుందని మాలకొండయ్య జాలిపడ్డాడు.

ఒంగోలు శివార్లలో ఉన్న ఆ బారు ఒకప్పుడు పొగాకు ఆరబెట్టే బ్యారన్. ఎత్తు గోడలు, పెంకుల కప్పు, మనిషిని వంగి రమ్మనే పొట్టి గుమ్మం అన్నీ అలాగే ఉంచేశారు. అది దాటితే వెనక అర ఎకరం దొడ్డి, వేపచెట్ల కింద సిమెంటు బల్లలు. ఓ పెళ్లి చేసుకోవచ్చు, అంత చోటు.

వాళ్లిద్దరూ వచ్చింది కూడా పెళ్లి మాట కోసమే.

సంబంధం తెచ్చిన కోటేష్ ముందే హెచ్చరించాడు. సురేంద్ర వాళ్లది తాగుడు వల్ల దెబ్బతిన్న ఇల్లట. తాగేవాళ్ల గడప తొక్కరట. ముప్పై ఏళ్లొచ్చినా ఇంకా పెళ్లి కాని ఆ కుర్రాడిదే అక్కడ ఆఖరి మాటట. అతను ఊ అంటే ముహూర్తం, ఊహూ అంటే ఎవరి దారి వాళ్లది. అలాంటివాడు మాట్లాడుకోవడానికి ఏరికోరి ఈ బారుకే ఎందుకు రమ్మన్నాడో మాలకొండయ్యకు అంతుపట్టలేదు. వద్దనడానికి నోరూ రాలేదు.

ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాలు తప్పిపోయాయి. అప్పుడు పెద్దగా బాధపడలేదు. ఇది మాత్రం తప్పిపోకూడదు. ఫొటో చూసిన రోజు నుంచీ మాలకొండయ్యకు మనసులో అదొక్కటే కోరిక.

అందుకే చెల్లెలు పేరమ్మ ఏం చెబితే అది చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పెళ్లి మాటలకు వెళ్లే మనిషి కాస్త నదురుగా ఉండాలని ఆవిడంటే మీసానికి రంగు కూడా వేయించుకున్నాడు. బయల్దేరేటప్పుడు ఆవిడ ఒట్టు కూడా వేయించుకుంది, గ్లాసు ముట్టనని.

గుమ్మానికి దగ్గరి బల్ల చూసుకుని కూర్చున్నారు. సురేంద్ర మంచినీళ్లు తాగుతూ నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగాడు. మిరప ఎన్ని ఎకరాలు వేశారు, బీపీ ఉందా, షుగరు ఉందా అన్నాడు. ఈ కాలం పిల్లలు అవి కూడా అడుగుతారని కోటేష్ చెప్పే ఉన్నాడు కాబట్టి మాలకొండయ్య తడుముకోలేదు. బీపీ కొంచెం ఉంది, షుగరు లేదు అన్నాడు.

"కోపం ఎక్కువాండీ?"

"మిరపతోటలో తిరిగేవాణ్ణి బాబూ. నా కారమంతా అక్కడే అయిపోద్ది."

సురేంద్ర నవ్వాడు. మాలకొండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నడుస్తోంది, బాగానే నడుస్తోంది.

అప్పుడే లోపల్నుంచి సర్వర్ బుడే వస్తూ కనిపించాడు. మాలకొండయ్య గబగబా కన్ను గీటాడు. బుడేకి అర్థం కాలేదు. మళ్లీ గీటాడు. బుడే నేరుగా వచ్చి, చల్లటి బీరు సీసా ఒకటి, కోడి వేపుడు ఒక ప్లేటు ఆయన ముందు పెట్టాడు.

"ఏం పెద్దాయనా, మూలబల్ల వదిలేసి ఇక్కడ కూర్చున్నావు? కంట్లో నలక పడిందా?"

అడిగి, ఇంకో నీళ్ల సీసా కూడా పెట్టి, తన పని తాను చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

వేపచెట్టు మీద కాకి అరిచింది. పక్కబల్ల వాళ్లదేమో అందామా అనుకున్నాడు మాలకొండయ్య. పక్కబల్ల ఖాళీగా ఉంది. ఎదురుగా కుర్రాడు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. అంత నిదానంగా చూసేవాడి ముందు ఇంకో అబద్ధం ఆడటానికి ఆయనకు సిగ్గేసింది.

"నాదే బాబూ" అన్నాడు. "ప్రతి ఆదివారం వస్తాను. ఒక్క సీసా, అంతే. ఇందాక ఎప్పుడూ రాలేదని అబద్ధం చెప్పాను. ఈ సంబంధం పోద్దేమోనని భయపడ్డాను."

వేపుడు ప్లేటు పక్కకు జరిపి మళ్లీ అన్నాడు.

"సీసా కోసమే అయితే ఇంటికే తెచ్చుకునేవాణ్ణి. ఇక్కడ నలుగురూ మాట్లాడుకుంటా ఉంటారు. వింటా కూర్చుంటాను."

సురేంద్ర నుదుటి మీది ప్లాస్టర్ తడుముకున్నాడు.

"గురువారం కూడా ఇక్కడే తగిలిందండీ. అలవాటున్నవాళ్లయితేనే ఈ గుమ్మం దగ్గర తల వంచుతారు. మీరు ఇక్కడికి వస్తారని విని, మీ గురించి అడుగుదామనే ఆ రోజు వచ్చాను. రెండో సీసా ఇస్తానన్నా తీసుకోరని బుడే అప్పుడే చెప్పాడు."

"మరి అన్నీ తెలిసి ఇక్కడికెందుకు రమ్మన్నావు బాబూ?"

"మీ నోటితో మీరేం చెప్తారో విందామని. మా నాన్న పోయేరోజు కూడా చుక్క ముట్టలేదనే చెప్పాడు."

మాలకొండయ్య తల దించుకున్నాడు. పేరమ్మకు ఏం చెప్పాలో, మళ్లీ మనిషి అలికిడి లేని తన ఇంట్లోకి ఎలా వెళ్లాలో ఆలోచిస్తూ కుర్చీలోంచి లేవబోయాడు.

సురేంద్ర ఆయన్ని కూర్చోబెట్టి, సీసా ఆయన దగ్గరికి జరిపాడు.

తర్వాత ఆయన రెండు చేతులూ పట్టుకుని, "మా అమ్మను మీ చేతుల్లో పెడుతున్నానండీ, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు.