రెండో పక్షి

వస్తువుకు వంక పెట్టేవాడే దాన్ని కొనేవాడని వ్యాపారుల్లో ఒక నమ్మకం ఉంది.

దాన్ని ఎవరూ పరీక్షించి చూసిన దాఖలా లేదు. అయినా కలీంకు అది రాయచోటి గొర్రెల సంతలో తండ్రి చెప్పిన మాట. దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలో పాత సామాన్ల దుకాణం పెట్టాక కూడా ఆ మాట వదల్లేదు.

అందుకే, వచ్చినప్పుడల్లా ఓక్ పెట్టెకు వంకలు పెట్టిపోయే ముసలామె మళ్లీ వచ్చి దాని దగ్గర నిలబడగానే అతను లోలోపల నవ్వుకున్నాడు.

పెట్టె వేల్స్ దేశానిది. క్వారీలో పనిచేసిన తెల్ల ఇంజనీరు ఒకాయన కరోనాతో పోతే, విల్లా యజమాని సామానంతా లారీకెత్తించి అమ్మేశాడు. ముదురుతేనె రంగు చెక్క. పైన మూత, అడుగున రెండు సొరుగులు. ముందువైపు తెల్లచెక్కతో పొదిగిన తీగ, దానిమీద ఎదురెదురుగా రెండు పక్షులు.

అది అమ్ముడుపోతే దుకాణం అద్దె గట్టెక్కుతుంది.

"నూటయాభై ఏండ్ల నాటిది సార్," అంటున్నాడు కలీం. వింటున్నది మూర్తిగారు, దుబాయ్ జెబెల్ అలీ రేవులో మేనేజరు, బదిలీ మీద సింగపూర్ వెళుతున్నారు.

"ఈ పక్క పక్షికి అంత వయసు లేదు సార్," అంది ముసలామె వెనకనుంచి. "ఎడమది వాళ్ల దేశంలో పొదిగింది. కుడిది ఇక్కడ అతికించింది. వన్నె చూడండి."

మూర్తిగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. పెట్టె మీది చెయ్యి తీసేశారు.

"ఆలోచించి ఫోన్ చేస్తానోయ్."

కారు కదిలాక కలీం ఆమె వైపు తిరిగాడు.

"ఏం ఖాలా, నా కడుపు మీద కొడతాండావు? నువ్వు కొంటావా?"

"అంత డబ్బు నా కాడ యాడుందబ్బయా?"

"అయితే ఎవుడో నిన్ను ముందు తోల్తాండాడు, సస్తాకు కొట్టేద్దామని. నేను సంతలో పెరిగినోణ్ణి ఖాలా!"

"అది కాదబ్బయా, ఈ పెట్టె..."

"ఖలాస్. కథలొద్దు."

ఆమె మూత ఎత్తి, లోపలికి వంగి, కళ్లు మూసుకుని వాసన పీల్చింది.

"లవంగాల వాసన ఇంకా పోలా. వాళ్ల ఊళ్లో పెండ్లికూతురికి ఇస్తారంట ఇట్టాంటిది, దుప్పట్లు దాచుకోను."

కలీం కొంచెం మెత్తబడ్డాడు.

"తెల్లోళ్ల ఇంట్లో పనిచేసినావా?"

"చేసినా. వండినా, ఉతికినా, జొరమొస్తే పక్కన కూచున్నా."

"జీతం బాగా ఇచ్చినాడా?"

ఆమె నవ్వింది.

"ముప్పై ఏండ్లలో అదొక్కటే ఇయ్యలా."

"ఓహో! ఆ కసి పెట్టె మీద తీర్చుకుంటాండావా?"

ఆమె మూత మెల్లగా దించి, బురఖా చేతితో దుమ్ము తుడిచి వెళ్లిపోయింది.

ఆమె రాని పూట చూసి కలీం మూర్తిగారికి ఫోన్ చేశాడు. ధర తగ్గించాడు. మర్నాడే పెట్టె గోనెపట్టాలు చుట్టుకుని రేవుకు వెళ్లింది.

శుక్రవారం నమాజు తర్వాత ఆమె వచ్చింది. పెట్టె ఉన్నచోట పాత ఫ్రిజ్ ఉంది.

"అమ్మేసినావా?"

"ఓడ కూడా ఎక్కేసింది. ఇంక నీ ఆట సాగదు ఖాలా."

ఆమె ఫ్రిజ్‌ను కాసేపు చూసింది.

"మంచి ఇల్లేనా?"

"మంచిదే."

"ఏసీ గాలి నేరుగా తగలనియ్యొద్దని చెప్పినావా? చెక్క బీటలిస్తది."

కలీం చెప్పలేదు. చెప్పినట్టు తల ఊపాడు.

ఆమె గుమ్మం దిగుతుండగా సామాన్ల లారీ వచ్చి ఆగింది. డ్రైవరు భీమరాజు చప్పున కిందికి దిగి, టోపీ తీసి, పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఆమె తల పంకించి ఎండలోకి నడిచిపోయింది.

"పనిమనిషికి అంత మర్యాద ఏంది భీమరాజూ?" అన్నాడు కలీం.

"పనిమనిషి ఎవరండీ బాబూ? పదేళ్లు ఆ ఓక్ పెట్టె వచ్చిన విల్లాకి నీళ్ల ట్యాంకరు తోలాను, నాకు తెలీదా? ఫ్లైట్లు ఆగిపోయినప్పుడు నెల్లూరులో చిక్కడిపోయారండీ, పాపం. ఆఖరిచూపు కూడా దక్కలేదు."

"ఎవరిది?"

"దొరగారిదండీ," అన్నాడు భీమరాజు, "ఆవిడ ఆయన భార్య."