పద్నాలుగో తారీఖు అతిథి

"పద్నాలుగున నాగా వాళ్ల ఫంక్షన్‌కి ముఖ్య అతిథిని నేనేనోయ్" అన్నాడు సుధాకరరావు, హాకర్ సెంటర్‌లో టీ ఊదుకుంటూ.

చక్రధర్ కొరకబోయిన వడను తిరిగి ప్లేట్లో పెట్టేశాడు.

ఆ పరాయి దేశంలో, మనవాళ్లుండే లిటిల్ ఇండియా పేటలో ఇద్దరివీ ఎదురెదురు బట్టల కొట్లు. ఒకరికి ఏది దక్కినా రెండోవాడు దాన్ని తన నష్టం కిందే రాసుకుంటాడు. ఆగస్టు పదిహేనున తెలుగు సంఘం జెండా ఎగరేసే గౌరవం ఈ ఏడు చక్రధర్‌ది. తొమ్మిదేళ్లు ఎదురుచూస్తే వచ్చింది. ఆ వరసలో తన వెనకున్న సుధాకరరావు తనకంటే ఒక రోజు ముందే శాలువా కప్పించుకుంటాడా?

"వెళ్తున్నావా?"

"చూడాలి. పాపం, మరీ మరీ అడుగుతున్నారు."

ఆ 'పాపం' దగ్గర చక్రధర్‌కు ఒళ్లు మండింది.

సాయంత్రమే రైలెక్కి ఊరి చివర చోవా చూ కాంగ్ వెళ్లి అలెమ్లా తలుపు తట్టాడు. అలెమ్లా ఈశాన్య కొండల నుంచి వచ్చిన నాగా అమ్మాయి, నర్సు. హైదరాబాద్‌లో చదివింది కాబట్టి తెలుగు వచ్చు. అతని కొట్లోనే బట్టలు కొంటుంది.

"మీ ఫంక్షన్‌కి ముఖ్య అతిథిగా నేనొస్తానమ్మా. ఇంకెవర్నీ పిలవొద్దు." సుధాకరరావు పేరు మాత్రం నోటికి రానివ్వలేదు.

"నిజంగా వస్తారా అంకుల్?" అలెమ్లా కళ్లు పెద్దవయ్యాయి. "ఇది డాన్స్ ప్రోగ్రాం కాదు. నలభై ఏడులో ఇండియా కంటే ఒక రోజు ముందు మా వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఇంకా రాలేదు. ఆ రోజు మా జెండా పెట్టుకుంటాం. మీ వాళ్లు రావడానికి జంకుతారు."

"ఒక రోజు ముందే బోణీ చేశారన్నమాట!" నవ్వాడు చక్రధర్. "నాకేం జంకు? శాలువా కప్పుతారుగా?"

"కప్పుతాం. కానీ అది కొట్లో కొనేది కాదు. మా ఆడవాళ్లే నేస్తారు. అందరికీ ఇవ్వం."

అందరికీ ఇవ్వరట. అయితే సుధాకరరావుకు అసలే దక్కకూడదు.

పద్నాలుగు ఉదయం అలెమ్లా ఫ్లాట్ హాల్లో పాతికమంది నిలబడ్డారు. నీలం జెండా, దాని మీద ఇంద్రధనస్సు, తెల్లటి నక్షత్రం. అలెమ్లా తండ్రి తమ భాషలో మాట్లాడాడు. ఆమె తెలుగులో చెప్పింది.

"మా ఊరిని రెండుసార్లు తగలబెట్టారు. రెండుసార్లూ మేమే కట్టుకున్నాం. మా జెండా ముందు మా పక్కన నిలబడ్డ బయటి మనిషి మీరే మొదలు."

ఫొటో ఎటునుంచి బాగుంటుందా అని చూస్తున్న చక్రధర్ ఒక్క క్షణం తల దించుకున్నాడు. ఒక్క క్షణమే. ఎర్రటి శాలువా భుజాల మీద పడగానే, జెండా పక్కన నిలబడి ఫొటో తీయించుకుని తెలుగు సంఘం గ్రూపులో పెట్టేశాడు. మొదట చూసింది సుధాకరరావే. చప్పట్ల బొమ్మ కూడా పెట్టాడు. చక్రధర్ కడుపు చల్లబడింది.

భోజనానికి కూర్చోగానే సంఘం అధ్యక్షుడు కేశవరావు ఫోన్ చేశాడు.

"ఏంటండీ ఆ ఫొటో? ఇవాళ ఆ జెండా కింద నిలబడి, రేపు మన జెండా ఎట్లా ఎగరేస్తారు? కమిటీ వాళ్లు ఒప్పుకోవడం లేదు. రేపు సుధాకరరావుగారు ఎగరేస్తారు."

"ముందు ఆయన్నే పిలిచారండీ ఇక్కడికి!"

"పిలిస్తే పిలిచారు. ఆయన వెళ్లలేదుగా?"

కేశవరావు ఫోన్ పెట్టేశాడు. చక్రధర్ అలెమ్లా వైపు తిరిగాడు.

"మీరు పిలిస్తే సుధాకరరావు ఎందుకు రానన్నాడమ్మా?"

"ఆ అంకుల్‌ని మేం పిలవలేదే!" అంది అలెమ్లా, అతని కంచంలో అన్నం వడ్డిస్తూ. "పోయిన నెల ఆయనే వచ్చి, 'ఈసారి చక్రధర్ తనంతట తనే వచ్చి మీ తలుపు తడతాడు, శాలువా నేసి ఉంచండి' అని చెప్పి వెళ్లారు."