ఒంటికోర్ మాస్టారు

ఆ పూట కూడా కొలత తప్పింది.

ఒకేసారి పదహారు లెక్కలు చేయగల పదహారు కోర్ల కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ తొమ్మిది రెట్లకు మించి వేగం చూపడం లేదు. నిన్న పదకొండు చూపింది. మొన్న ఎనిమిది.

"పూటకో మాట చెప్తోందిది," అని విసుక్కున్నాడు తోటి పరిశోధకుడు.

పరిశోధకురాలు తెర వైపు చూసింది. తమ పనితో పాటు మెషీన్‌లో ఇంకెవరిదో పని నడుస్తోంది. ఒకే ఒక్క కోర్ మీద, ఆగకుండా.

మూల కుర్చీలో కూర్చునే పెద్దాయనది అది. ఈమధ్యే ఎక్కడినుంచో వచ్చారు. ఎవరితోనూ మాట్లాడరు. వీళ్లు ఆయనకు ఒంటికోర్ మాస్టారని పేరు పెట్టుకున్నారు.

ఆమె వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"సార్, మీ పని కాస్త ఆపుతారా? మా కొలతలు చెడిపోతున్నాయి."

"నాది ఒక్క కోరే కదమ్మా. మిగతావన్నీ మీవేగా."

"కుంటెద్దు ఒకటున్నా బండి దాని నడకే నడుస్తుంది సార్. మా పని పదహారు ముక్కలు. మీ కోర్ మీదే పడ్డ ముక్క వెనకబడితే మిగతావన్నీ దానికోసం కాచుక్కూచుంటాయి."

ఆయన తలూపారు. "నిజమే. ఇంకో రెండ్రోజులు ఓపిక పట్టమ్మా. అయిపోవచ్చింది."

"రెండ్రోజుల్లో దీన్ని ఆమోదించే కమిటీ ముందు కూర్చోవాలి సార్! ఇది వరద లెక్క. ఏ వీధిలోకి నీళ్లు ఎప్పుడొస్తాయో వానలకు ముందే చెప్పాలి. ఇంతకీ మీ పనేమిటి?"

ఆయన తన తెర వైపు ఒకసారి చూశారు.

"చెప్పకూడదమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది. నేరుగా మెషీన్ చూసుకునే ఉద్యోగి దగ్గరికి వెళ్లింది.

అతను నసిగాడు. "వారాల తరబడి నడుస్తోంది మేడమ్. ఆపితే మళ్లీ మొదట్నుంచే."

"పెట్టుకుంటారు లెండి. ఆయనకేం తొందర?"

అతను మీట నొక్కాడు.

ఈసారి పధ్నాలుగు రెట్లు వచ్చింది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. తోటి పరిశోధకుడు బల్ల మీద దరువేశాడు.

ఆ సందడిలోనే పెద్దాయన వచ్చి తన తెర చూసుకున్నారు. ఆగిపోయిన లెక్క కనబడగానే తెర ఆర్పేశారు.

"ఎంతొచ్చిందమ్మా?"

"పధ్నాలుగు సార్!"

"మంచిది," అని కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

కమిటీ గదిలో అధ్యక్షురాలు మొదటి పేజీ దగ్గరే ఆగింది.

"పధ్నాలుగు రెట్లు. దేనికంటే?"

"ఒక్క కోర్ మీద నడిపినదానికంటేనండీ."

"వరద మొత్తం ఒక్క కోర్ మీద నడిపారా?"

"లేదండీ, వారాలు పడుతుంది. చిన్న ముక్క నడిపి, మిగతాది అంచనా కట్టాం."

"అంచనా వేగానికి సరిపోతుందేమో. ఒక్క కోర్ మీదా, పదహారింటి మీదా జవాబు ఒకటే వస్తుందని ఏమిటి నమ్మకం? అందుకే వరద లెక్క మొత్తం ఒక్క కోర్ మీద నడిపించే పని ఒకాయనకు అప్పగించాం. దాన్ని చూసి మీ లెక్క మారకూడదని మీకు చెప్పొద్దన్నాం. పూర్తికాకముందే అది ఆగిపోయింది. పొరపాటు తనదేనని, మీ ఫైలు మాత్రం వెనక్కి పంపొద్దని ఆయన నిన్న ఫోన్ చేశారు."

పరిశోధకురాలు లేచి నిలబడింది.

"పొరపాటు ఆయనది కాదండీ. ఆపించింది నేను."

ఆమె అధ్యక్షురాలి బల్ల వైపు ఒకడుగు వేసింది.

"మళ్లీ నడిపిస్తాం. ఆయన్ని పిలవండి, నేనే అడుగుతాను."

"ఊరెళ్లిపోయారు. ఈ వయసులో మళ్లీ అన్ని వారాలు కూర్చోలేనన్నారు. ఇప్పుడు మొదలుపెట్టినా వానలు వచ్చేస్తాయి. ఈ ఏడాదికి ఇంతే."

"అసలు ఎవరండీ ఆయన?"

అధ్యక్షురాలు ఫైలు మూసి పక్కన పెట్టింది.

"పోయిన మీటింగులో దీన్ని కొట్టేద్దామని మేమంతా చేతులెత్తితే, 'పిల్లలు కష్టపడ్డారు, ఆ ఒక్క కోర్ లెక్కేదో నేను కూర్చుని తేలుస్తాను' అని అడ్డుపడిన మా కమిటీ సభ్యుడు."