ఫ్యూజు పెట్టె మూత

పొద్దున ఆరింటికి ఫ్యూజు పోయింది. షెడ్డులో వెచ్చదనానికి పెట్టిన బల్బులు ఆరిపోయి, మా ఇంటికి ఆధారమైన మూడు వందల కోడిపిల్లలు చలికి ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. బొగ్గుల కుంపటి పెట్టినా ఆ వేడి చాలలేదు.

ఇప్పుడు విద్యుత్ శాఖకు సొంత మనుషులు లేరు. ఒక్కో పనికి ఒక్కో కాంట్రాక్టరుకు డబ్బులిస్తుంది. ఫ్యూజు కాంట్రాక్టు మనిషి వచ్చాడు గానీ, పెట్టె మూత తీయడం తన కాంట్రాక్టులో లేదని వెళ్లిపోయాడు. ఒకప్పుడు లైన్‌మన్‌గా చేసిన ఏసోబు బాబాయి మూత మీద వేలు పెట్టి చూశాడు. అది మూత తీసే కాంట్రాక్టు మనుషుల వేళ్లకే తెరుచుకుంటుంది.

"ముప్పయ్యేళ్లు ఊరికి లైట్లేసిన చెయ్యి ఇది. ఈ డబ్బాకి కూడా పరాయోణ్ణయిపోయా చూడమ్మే," అన్నాడు.

తొమ్మిదింటికి శాఖ జీపు వచ్చింది. ఎదురు పరుగెత్తాను. ట్యాబు పట్టుకుని ఒకావిడ దిగింది.

"మూత తీయడానికొచ్చారా అక్కా?"

"కాదు తల్లీ. మాది నష్టం రాసే కాంట్రాక్టు. ఎన్ని చచ్చినయ్?"

"ఇంకా బతికే ఉన్నయ్యక్కా. మీ వేలు ఒక్కసారి పెట్టరా?"

"నా వేలికి తెరుచుకోదమ్మా."

ఆవిడ షెడ్డులోకి తొంగిచూసింది. లోపల పిల్లలు ఇంకా కీచుకీచుమంటున్నాయి. ట్యాబులో చచ్చినవాటి లెక్క ఖాళీగా ఉంచి, కూర్చోవడానికి కుర్చీ అడిగింది.