సుద్దగీత

"నీ కండ్లతోనే చూడు!" మెడలోని తాళంచెవి తీసి గంగుబాయి నీళ్ల హౌజు మూత తెరిచింది. నిన్న లోపలి గోడ మీద తను గీసిన సుద్దగీతకు జానెడు కిందికి దిగాయి నీళ్లు.

భవాని పేట్‌లో నల్లా నీళ్లు వచ్చి వారమవుతోంది.

"తాళం నీదే, చావీ నీ మెడలనే ఉన్నది కద అక్కా," అంది వాకిట్లో వేపచెట్టు కింద బీడీలు చుడుతున్న పక్కింటి సుశీల.

"ఇంకో చావి చేయించినవేమో! నేను బీడీలియ్యనీకి కార్ఖానాకు పోంగనే తీస్తున్నవేమో!"

సుశీల తల దించుకుంది. గంగుబాయికి ఆ రుజువు చాలు.

కేకలకు మగ్గం దిగి వచ్చిన గంగుబాయి భర్త నర్సయ్య హౌజులోకి వంగి గోడ తడిమాడు. పగులులోంచి ఏదో చేతికి తగిలింది. లాగితే జుట్టు పాయలా వచ్చింది. తెల్లటి, తడి వేర్లు.

ముగ్గురూ తలెత్తారు. పేట్ అంతా ఎండిపోయినా వేప ఒక్కటే లేతాకులతో నిగనిగలాడుతోంది.

సుశీల ముఖంలో ఆశ్చర్యం లేదు. గంగుబాయి అది పట్టేసింది.

"నీకు ముందే ఎరుకనా?"

"హోలీకి నీ హౌజు కడగ దిగినప్పుడే చూసిన."

"మరి చెప్పకుంట ఇన్ని మాటలెందుకు పడ్డవే?"

"నన్ను దొంగంటే తిట్టి ఊకుంటవ్ అక్కా. దాన్ని అంటే గొడ్డలి తెస్తవ్."

"తేవాల్నా?" అన్నాడు నర్సయ్య.

వేప నీడలో సుశీల చాట పక్కనే గంగుబాయి బీడీల చాట కూడా ఉంది. ఆమె దానివంక చూసింది.

"సిమెంటు తే," అంటూ తాళంచెవిని సుశీల చాటలో పెట్టింది.